కామ్లాన్‌లో కూలిన ఇద్దరు: ఆర్థర్ గాథల మూలాలు, పాఠభేదాలు

సభకు నమస్కారం.

ఆర్థర్ రాజు గాథల మీద మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, వెయ్యేళ్లకు పైగా అనేక భాషల్లో పెరుగుతూ వచ్చిన ఈ కథారాశిని ఏ కొస నుంచి అందుకోవాలో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. చివరికి ఒక్క వాక్యాన్ని ఎంచుకున్నాను. వేల్స్ దేశపు పాత సంవత్సర వృత్తాంతాల్లో ఉన్న ఆ లాటిన్ వాక్యం తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "కామ్లాన్ యుద్ధం, అందులో ఆర్థర్, మెద్రౌత్ కూలిపోయారు, బ్రిటన్‌లోను ఐర్లాండ్‌లోను పెద్ద మరణాలు సంభవించాయి." ఈ మెద్రౌత్ అనే పేరే తర్వాతి కథల్లో మోర్డ్రెడ్ అయింది.

ఈ వాక్యమున్న అత్యంత ప్రాచీనమైన రాతప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, హార్లీ సేకరణలో 3859 సంఖ్యతో భద్రంగా ఉంది. ఆ ప్రతిని రాసింది 1100 ప్రాంతంలో. అందులోని పాఠాన్ని కూర్చింది 10వ శతాబ్దం నడిమి కాలంలో. ఆ పుటల్లో సంవత్సరాలకు మనం ఎదురుచూసే వరుస సంఖ్యలు కనిపించవు. 'సంవత్సరం' అనే అర్థమున్న లాటిన్ మాటలోని మొదటి రెండక్షరాలను లేఖకుడు ఒకదాని కింద ఒకటిగా నిలువునా రాసుకుపోయాడు, పదేళ్లకోసారి మాత్రం అంకె వేశాడు. చాలా ఏళ్ల పక్కన ఒక్క ముక్క కూడా లేదు. మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే కామ్లాన్ వాక్యం 93వ ఏట తగులుతుంది. మామూలుగా దాన్ని 537గా గణిస్తారు. వాక్యమంతా లాటిన్‌లో ఉన్నా 'యుద్ధం' అనే మాట మాత్రం వెల్ష్‌లో ఉంది కాబట్టి, ఈ కబురు లేఖకుడికి వెల్ష్ నోటి నుంచో వెల్ష్ రాత నుంచో చేరిందని ఊహించడంలో తప్పులేదు.

ఆ వాక్యాన్ని నెమ్మదిగా మరొక్కసారి చదవండి. ఇద్దరూ కూలిపోయారని ఉంది. ఒకరి చేతిలో ఒకరు కూలారని లేదు. ఒకరికొకరు శత్రువులని లేదు. చుట్టాలని కూడా లేదు. ఇద్దరూ ఒకే పక్షాన నిలిచి మూడోవాడి చేతిలో చనిపోయినా ఈ వాక్యానికి ఏ లోటూ రాదు. ఆ తర్వాత ఆరేడు వందల ఏళ్ల పాటు వేల్స్‌లో, ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో కథకులు ఈ ఖాళీని తమ తమ కారణాలతో పూడ్చుకుంటూ వచ్చారు. ఆ పూడికల్లో అసలైనది ఏదని తవ్వడం కంటే, ఏ కథకుడి ముందు ఏ పాఠం ఉండింది, అతడు దాన్ని ఎందుకు మార్చాడు అని అడగడమే ఈ గాథలను చదవడానికి సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా మూలాల సంగతి. కామ్లాన్ జరిగిందని చెప్పే కాలానికి దగ్గరగా, 6వ శతాబ్దంలోనే రాసిన గిల్డాస్ అనే సన్యాసి, సాక్సన్ల మీద బ్రిటన్ జనం సాధించిన బేడన్ విజయాన్ని ప్రస్తావించాడు. ఆంబ్రోసియస్ ఆరేలియానస్ అనే నాయకుణ్ణి పేరుపెట్టి మెచ్చుకున్నాడు. ఆర్థర్ పేరు అతని రచనలో ఎక్కడా లేదు. 731లో తన చరిత్రను ముగించిన బీడ్ కూడా ఆ పేరు ఎత్తలేదు. 829-830 ప్రాంతంలో వేల్స్‌లో కూర్చిన 'బ్రిటన్ల చరిత్ర'లో ఆర్థర్ పన్నెండు యుద్ధాలు గెలిచిన సేనానిగా వస్తాడు. బ్రిటన్ రాజుల పక్కన నిలిచి యుద్ధాలు నడిపినవాడని చెప్పి, బేడన్ కొండ దగ్గర ఒక్క దాడిలో 960 మందిని అతనొక్కడే కూల్చాడంటుంది ఆ గ్రంథం. నెన్నియస్ రాశాడని చాలాకాలం అనుకున్న ఈ గ్రంథం చివర దేశంలోని వింతల జాబితా ఒకటి ఉంది. అందులో ఒక వింత నన్ను ఎప్పుడూ వదిలిపెట్టదు. ఎర్గింగ్ అనే సీమలో ఒక ఊట పక్కన అమ్ర్ అనే వాడి సమాధి ఉందట. ఆ అమ్ర్ ఆర్థర్ కొడుకు. తండ్రే అతణ్ణి అక్కడ చంపి అక్కడే పూడ్చాడు. ఆ సమాధిని కొలిస్తే ఒకసారి ఆరడుగులు, ఒకసారి తొమ్మిది, ఒకసారి పన్నెండు, ఒకసారి పదిహేను వస్తుంది, ఒకసారి వచ్చిన కొలత మళ్లీ రాదు, ఇది నేను స్వయంగా పరీక్షించాను అంటాడు గ్రంథకర్త. తండ్రి కొడుకుని ఎందుకు చంపాడో మాత్రం చెప్పడు.

దీన్ని గుర్తుంచుకోండి. మోర్డ్రెడ్ ఆర్థర్ కొడుకేనని ఫ్రెంచి కథకులు చెప్పడానికి నాలుగు వందల ఏళ్ల ముందే, కొడుకుని చంపిన తండ్రిగా ఆర్థర్ ఒక వేల్స్ గ్రంథంలో ఉన్నాడు. ఈ రెంటినీ కలిపే దారం మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఆర్థర్ నిజంగా ఎవరు అనే ప్రశ్నకు వచ్చిన జవాబులు చాలా ఉన్నాయి కానీ వాటి మీద ఎక్కువసేపు నిలవను. రెండవ శతాబ్దం నాటి రోమన్ అధికారి లూసియస్ ఆర్టోరియస్ కాస్టస్ అని, అతని శాసనం క్రొయేషియా తీరంలో పోడ్‌స్ట్రానాలో దొరికిందని కొందరంటారు. 470 ప్రాంతంలో గాల్ దేశంలో పోరాడిన రియోథామస్ అనే నాయకుడని మరికొందరంటారు. అసలు ఆర్థర్ జానపద కథల్లోని వీరుడని, చరిత్ర రాసినవాళ్లే అతనికి ఒక కాలాన్ని, కొన్ని యుద్ధాలను అంటగట్టారని ఆలివర్ పాడెల్ 1994లో వాదించాడు. నాకు ఈ చివరి వాదమే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. అయితే ఏ వాదం నెగ్గినా ఒక సంగతి మారదు: ఆరో శతాబ్దపు బ్రిటన్‌లో నిలువెల్లా కవచాలు తొడిగిన నైట్లు లేరు, వాళ్లు చుట్టూ కూర్చునే గుండ్రటి బల్ల లేదు, ఆర్థర్ కొలువుతీరే కామెలాట్ లేదు. అవన్నీ 12వ శతాబ్దంలో ఈ కథకు తొడిగిన బట్టలు.

ఇక కామ్లాన్‌కు వద్దాం. యుద్ధం ఎందుకు జరిగింది? వేల్స్ వాళ్లు మూడేసి విషయాలను కలిపి గుర్తుపెట్టుకునే సంప్రదాయ వాక్యాలు ఉన్నాయి, వాటిని త్రయాలు అందాం. 'మూడు వ్యర్థ యుద్ధాలు' అనే త్రయంలో కామ్లాన్ ఒకటి. గ్వెన్‌హ్వివర్, గ్వెన్‌హ్విఫాఖ్ అనే ఇద్దరి మధ్య వచ్చిన తగవు వల్లనే ఆ యుద్ధం జరిగిందట. 'మూడు హానికరమైన దెబ్బలు' అనే మరో త్రయం, గ్వెన్‌హ్విఫాఖ్ గ్వెన్‌హ్వివర్‌ను కొట్టిన దెబ్బే కామ్లాన్‌కు దారితీసిందంటుంది. గ్వెన్‌హ్వివర్ అంటే మనకు తెలిసిన గ్వినివియర్ రాణి. అంటే ఆడవాళ్ల మధ్య పడిన ఒక్క దెబ్బకు ఒక రాజ్యం కూలింది. ఇంకొక త్రయం వేరేగా చెబుతుంది: మెద్రౌద్ (మొదటి వాక్యంలోని మెద్రౌత్ ఇతడే) ఆర్థర్ కొలువుకు వచ్చి, అక్కడి తిండీ తాగుడూ ఏమీ మిగల్చకుండా ఖాళీ చేసి, గ్వెన్‌హ్వివర్‌ను సింహాసనం మీది నుంచి లాగి కొట్టాడట. అన్నీ ఒకే సంప్రదాయానికి చెందిన వాక్యాలే, అయినా ఒకదానికొకటి పొంతన కుదరదు. వీటికి తోడు, 12వ శతాబ్దపు వేల్స్ ఆస్థాన కవులు తమ ప్రభువులను పొగడటానికి మెద్రౌద్ పేరును ఉపమానంగా వాడారు. ద్రోహి పేరుతో పోల్చి ప్రభువును మెప్పించాలనుకునే కవి ఉండడు కదా! వాళ్లకు తెలిసిన మెద్రౌద్ మనకు తెలిసిన మోర్డ్రెడ్ కాదన్నమాట.

'రోనబ్వీ కల' అనే వేల్స్ కథలోని వివరణ వీటన్నిటికంటే సూక్ష్మమైనది. అందులో ఇడౌగ్ అనే యువకుడు ఆర్థర్‌కు, మెద్రౌద్‌కు మధ్య రాయబారి. ఆర్థర్, తన మేనల్లుడూ తాను పెంచినవాడూ అయిన మెద్రౌద్‌కు ఎంతో మృదువైన మాటలతో సంధి కబురు పంపిస్తాడు. ఇడౌగ్‌కు యుద్ధం చూడాలన్న దుగ్ధ. రాజు ఎంత మెత్తగా పలికాడో ఇతడు అంత కటువుగా ఆ మాటల్ని అవతల అప్పగిస్తాడు. అందువల్ల కామ్లాన్ యుద్ధం జరిగింది, ఇడౌగ్‌కు 'బ్రిటన్ కవ్వం' అని పేరు వచ్చింది. పెరుగు చిలికినట్టు దేశాన్ని చిలికాడని. ఈ పాఠంలో ద్రోహమంతా మధ్యలో నిలిచి కబుర్లు మోసినవాడిదే. మోర్డ్రెడ్ దోషం దాదాపు మాయమవుతుంది.

ద్రోహి మోర్డ్రెడ్‌ను లోకానికి ఇచ్చింది జెఫ్రీ ఆఫ్ మన్మత్. 1136 ప్రాంతంలో లాటిన్‌లో అతడు రాసిన 'బ్రిటన్ రాజుల చరిత్ర' రాతప్రతులు నేటికీ రెండు వందలకు పైగా మిగిలి ఉన్నాయంటే, ఆ గ్రంథం ఎంతగా చెలామణి అయిందో ఊహించుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ ఆర్చ్‌డీకన్ వాల్టర్ తనకిచ్చిన అతిప్రాచీనమైన బ్రిటన్ భాషా గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చానన్నాడు జెఫ్రీ. ఆ గ్రంథం ఎవరికీ దొరకలేదు. అతని పాఠంలో ఆర్థర్ రోమ్ మీద యుద్ధానికి వెళుతూ రాజ్యాన్ని మేనల్లుడు మోర్డ్రెడ్‌కు, రాణికి అప్పగిస్తాడు. మేనల్లుడు కిరీటాన్నీ రాణినీ కూడా తీసుకుంటాడు. కార్న్‌వాల్‌లోని ఒక నది ఒడ్డున మోర్డ్రెడ్ చనిపోతాడు. ప్రాణాంతకంగా గాయపడిన ఆర్థర్‌ను గాయాలు మాన్పించడానికి అవలాన్ ద్వీపానికి తీసుకుపోతారు. 542వ సంవత్సరం అని తేదీ కూడా వేశాడు. విలియమ్ ఆఫ్ న్యూబర్గ్ అనే చరిత్రకారుడు అదే శతాబ్దం చివర జెఫ్రీని అబద్ధాలకోరని మొహమాటం లేకుండా తూర్పారబట్టాడు. కానీ అప్పటికే కథ మాట వినే దశ దాటిపోయింది.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పాలి. డిగ్రీ చదివే రోజుల్లో ఇంగ్లీషు కవి టెన్నిసన్ పద్యాల ద్వారా ఆర్థర్ నాకు పరిచయమయ్యాడు. అందులో మోర్డ్రెడ్ ద్రోహి, ఇంకొక మాట లేదు. చాలా ఏళ్ల తర్వాత స్కాట్లండ్ చరిత్రకారుల పాఠం గురించి చదివినప్పుడు, ఎన్నో ఏళ్లుగా తెలుసనుకున్న ఇంట్లో కొత్త గది తలుపు తెరిచినట్టయింది. 14వ శతాబ్దంలో జాన్ ఆఫ్ ఫోర్డన్ జెఫ్రీ గ్రంథాన్నే ముందు పెట్టుకుని ఒక న్యాయమైన ప్రశ్న వేశాడు. జెఫ్రీ చెప్పిన ప్రకారమే, ఊథర్ రాజు మంత్రబలంతో, ఇంకొకరి భార్య అయిన ఇగెర్నాను ఆమె భర్త రూపం ధరించి చేరినప్పుడు కడుపున పడినవాడు ఆర్థర్. అలాంటప్పుడు చట్ట ప్రకారం కిరీటం ఎవరికి చెందాలి? ఊథర్ కూతురు అన్నా, స్కాట్లండ్ వైపు ఏలిక లోథ్‌కు ఇల్లాలు. ఆమె కొడుకులు గవైన్, మోర్డ్రెడ్‌లకు ఆర్థర్ కంటే బలమైన హక్కు ఉంది. 1527లో అచ్చయిన హెక్టర్ బోయెస్ చరిత్ర ఈ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. అందులో మోర్డ్రెడ్ తన న్యాయమైన వాటా కోసం నిలబడినవాడు, మాట తప్పినవాడు ఆర్థర్. ఇంగ్లండ్ రాజులు ఆర్థర్ పేరు చెప్పుకుని స్కాట్లండ్ మీద అధికారం తమదని వాదిస్తూ వచ్చిన సంగతి తెలిస్తే ఈ పాఠం పుట్టుక ఆశ్చర్యం కలిగించదు. మొదటి ఎడ్వర్డ్ 1301లో పోపుకు రాసిన లేఖలో స్కాట్లండ్ మీద తన హక్కుకు సాక్ష్యంగా ఆర్థర్‌ను పేర్కొన్నాడు. జెఫ్రీ రాసిన వంశక్రమాన్నే స్కాట్లండ్ వాళ్లు తిప్పి ఇంగ్లండ్ మీద ప్రయోగించారు.

ఫ్రెంచి భాషలోకి వెళ్లాక కథ నడక మారింది. 1155లో వేస్ తన పద్యకావ్యంలో గుండ్రటి బల్లను మొదటిసారి పెట్టాడు. మోర్డ్రెడ్ రాణిని ముందు నుంచే రహస్యంగా ప్రేమిస్తున్నాడన్నాడు. 1170ల ప్రాంతంలో క్రెతియాన్ ద త్రువా లాన్సెలాట్ అనే నైట్‌ను రాణి ప్రేమికుడిగా తెచ్చాడు. కామెలాట్ అనే పేరు కూడా మనకు మొదట ఆ కావ్యంలోనే కనిపిస్తుంది. ఒక పాత్ర వచ్చి చేరితే కథలోని మిగతావాళ్ల స్థానాలు ఎలా కదులుతాయో ఇక్కడ చక్కగా చూడవచ్చు. రాణి మనసు లాన్సెలాట్ మీద ఉన్నప్పుడు ఆమె మోర్డ్రెడ్‌కు ఇష్టపూర్వకంగా దక్కదు. అందుకే 13వ శతాబ్దపు ఫ్రెంచి వచన గాథల్లో రాణి మోర్డ్రెడ్‌ను తప్పించుకుని లండన్ కోటలో తలుపులు బిగించుకుంటుంది. జెఫ్రీ పాఠంలో మోర్డ్రెడ్‌తో కలిసిన రాణి, ఇక్కడ మోర్డ్రెడ్ ముట్టడిలో చిక్కిన రాణి అయింది. ఆమె చేసిన నేరం చేతులు మారి లాన్సెలాట్ ఖాతాలో పడింది. ఇక మోర్డ్రెడ్‌కు రాజుతో పగ ఎందుకు అన్న ప్రశ్నకు కొత్త జవాబు కావలసి వచ్చింది. ఆ జవాబు భయంకరమైనది: మోర్డ్రెడ్ ఆర్థర్‌కు తన సొంత సోదరి కడుపున పుట్టిన కొడుకు. మేనల్లుడూ అతడే, కొడుకూ అతడే. సాలిస్‌బరీ మైదానంలో ఆర్థర్ ఈటె అతని శరీరాన్ని చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు, ఆ గాయం గుండా సూర్యకిరణం అవతలికి దూరింది అంటుంది ఆ వచన గాథ. ఇటలీ కవి డాంటే తన నరక వర్ణనలో తలచుకున్నది ఈ గాయాన్నే.

సాలిస్‌బరీ అన్నాను. జెఫ్రీ కార్న్‌వాల్ అన్నాడు. వేల్స్‌లో కామ్లాన్ అనే పేరుతో లోయ ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ మీద కాంబోగ్లానా అనే రోమన్ కోట ఉండేది కాబట్టి యుద్ధం అక్కడే జరిగిందనే వాళ్లూ ఉన్నారు. కార్న్‌వాల్‌లో స్లాటర్‌బ్రిడ్జ్ దగ్గర ఏటి ఒడ్డున పడి ఉన్న శాసనరాయిని ఆర్థర్ సమాధి అని చూపిస్తారు. చదివితే దాని మీద ఉన్నది లాటినస్ అనే ఇంకెవరిదో పేరు.

సమాధుల మాట వచ్చింది కనుక ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ మఠం గురించి చెప్పకుండా వదలలేను. 1184లో ఆ మఠం అగ్నికి ఆహుతైంది. పునర్నిర్మాణానికి ధనం సమకూర్చిన రాజు రెండవ హెన్రీ 1189లో మరణించాడు. 1191 ప్రాంతంలో అక్కడి సన్యాసులు తమ శ్మశానంలో తవ్వి, లోతున ఒక సీసపు శిలువను, బోలుగా తొలిచిన ఓక్ దుంగలో ఎముకలను కనుగొన్నామని ప్రకటించారు. ఆ కాలపు రచయిత గెరాల్డ్ ఆఫ్ వేల్స్ శిలువను చేతితో తడిమి చూశానని రాశాడు. అతని ప్రకారం దాని మీద, "ఇక్కడ అవలాన్ ద్వీపంలో సుప్రసిద్ధుడైన ఆర్థర్ రాజు, తన రెండవ భార్య గ్వినివియర్‌తో కూడ పూడ్చబడి ఉన్నాడు" అని ఉంది. రాణి జడ పసిమి వన్నె చెడకుండా కనిపించిందని, ఒక సన్యాసి ఆత్రంగా పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయిందని కూడా చెప్పాడు. 1607లో విలియమ్ కామ్డెన్ తన గ్రంథంలో శిలువ బొమ్మ అచ్చువేశాడు. ఆ బొమ్మలో ఆర్థర్ ఉన్నాడు, అవలాన్ ఉంది. గ్వినివియర్ లేదు. సీసం మీద చెక్కిన అక్షరాలకు కూడా పాఠభేదం వచ్చిందన్నమాట. ఆ శిలువ తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు కాబట్టి ఏ పాఠం సరైనదో తేల్చే అవకాశమూ పోయింది. తవ్వకం కట్టుకథ అనే చాలామంది పండితుల అభిప్రాయమే నాదీను. అయినా ఆ జడను వర్ణించిన తీరులో ఒక నిజమైన దుఃఖం ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇన్ని పాఠాలూ చివరికి ఒకే మనిషి బల్ల మీదికి వచ్చాయి. సర్ థామస్ మేలరీ అనే నైట్, తాను ఖైదీనని తన గ్రంథంలోనే చెప్పుకుంటూ, ఫ్రెంచి, ఇంగ్లీషు మూలాలను కలిపి ఈ కథనంతా ఇంగ్లీషు వచనంలో తిరగరాసి 1469-70లో ముగించాడు. 1485 జులై 31న విలియమ్ కాక్స్టన్ దాన్ని అచ్చువేశాడు. దాదాపు నాలుగున్నర శతాబ్దాలు లోకానికి తెలిసిన మేలరీ కాక్స్టన్ అచ్చులోని మేలరీయే. 1934లో వాల్టర్ ఓక్‌షాట్ వించెస్టర్ కళాశాలలోని పాత గ్రంథాల్లో ఒక రాతప్రతిని గుర్తించాడు. మొదలూ చివరా చిరిగిపోయిన ఆ ప్రతి మేలరీదే, కానీ అచ్చుతో సరిపోలలేదు. రోమ్ మీద ఆర్థర్ యుద్ధాన్ని కాక్స్టన్ సగానికి సగం కుదించాడని అప్పుడు తెలిసింది. 1947లో యూజీన్ వినావర్ ఆ ప్రతిని పరిష్కరించి ప్రకటిస్తూ, ఇది ఒకే గ్రంథం కాదు, ఎనిమిది వేరువేరు కథలు అన్నాడు. ఆ వాదం నేటికీ తెగలేదు.

ఒక్క అక్షరం మాత్రం చూపిస్తాను. ఆర్థర్‌కు వచ్చిన కలలో డ్రాగన్‌తో తలపడే జంతువు వించెస్టర్ ప్రతిలో ఎలుగుబంటి. కాక్స్టన్ అచ్చులో అడవిపంది. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకూ రూపంలో దూరం చాలా తక్కువ కాబట్టి, చేతిపొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. కానీ అప్పుడు సింహాసనం మీదున్న మూడవ రిచర్డ్ చిహ్నం అడవిపంది. అతని మీద దండెత్తుతున్న హెన్రీ ట్యూడర్ జెండా మీద ఉన్నది ఎర్ర డ్రాగన్. పుస్తకం వెలువడిన మూడు వారాలకే, ఆగస్టు 22న, బాస్వర్త్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాడు. కావాలనే మార్చారని నిరూపించలేము. అయినా ఆ నెలలో ఆ పుట చదివిన ఇంగ్లండ్ పాఠకుడికి పంది ఎవరో, డ్రాగన్ ఎవరో ఇంకొకరు విప్పి చెప్పనవసరం లేదు.

కామ్లాన్‌కు మేలరీ ఇచ్చిన కారణం, తనకు ముందే ఇంగ్లీషు పద్యంలో ఉన్నది. రెండు సేనలూ సంధికి ఒప్పుకుంటాయి. ఎవరైనా కత్తి దూస్తే మీద పడమని ఇద్దరూ తమ తమ సైన్యాలకు చెప్పి ఉంచుతారు. మాటలు సవ్యంగా ముగుస్తాయి, ద్రాక్షసారాయి తెప్పించి తాగుతారు. ఆ సమయంలో చిన్న పొద లోంచి ఒక పాము బయటికి వచ్చి ఒక నైట్ పాదాన్ని కరుస్తుంది. అతడు పామును చంపడానికి కత్తి దూస్తాడు. ఎండలో కత్తి మెరవడం రెండు సేనలూ చూస్తాయి.

ఆ తర్వాత ఆర్థర్ ఏమయ్యాడు? రాణులు అతణ్ణి పడవలో తీసుకుపోయారని మేలరీ చెబుతాడు. తెల్లవారాక ఆర్థర్ నైట్ బెడివియర్ ఒక మఠంలో కొత్త సమాధి చూశాడని, అది ఆర్థర్‌దే అని అక్కడి సన్యాసికి కూడా నిశ్చయంగా తెలియదని చెబుతాడు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల జనం ఆర్థర్ చనిపోలేదంటారు, తిరిగి వస్తాడంటారు. అలా జరుగుతుందని నేను అనను, ఈ లోకంలో అతని జీవితం మారింది అని మాత్రం అంటాను అని రాసి, ఆ సమాధి మీద ఒక లాటిన్ పాదం ఉందని చాలామంది చెబుతారంటూ దాన్ని ఎత్తి రాస్తాడు. ఒకనాటి రాజూ, రానున్న రాజూ అయిన ఆర్థర్ ఇక్కడ ఉన్నాడు అని దాని అర్థం. తాను చూశానని మాత్రం మేలరీ ఎక్కడా అనలేదు.